నాలుగో ‘ఎందుకు’

మూడో గస్తీ పడవ కూడా నడిసముద్రంలో మొరాయించిన మర్నాడు, కర్నల్ సెగార్రా తన ఏజెంట్ ఫెర్మీన్ ఒలసాబల్‌ను కయావో రేవులోని చేపల హోటల్‌కి పిలిపించాడు.

“విదేశీ ముఠా దొంగసరుకు తోలే రోజునే మన ఇంజన్లు ఆగిపోతున్నాయిరా. ఈసారి ఆగితే వాళ్ల తుపాకులకి మన కుర్రాళ్లంతా బలి. నువ్వు గస్తీ పడవల మరమ్మతు షెడ్డులో కొత్త సూపర్‌వైజర్ వేషంలో చేరు. పడవ వెనక్కి రావాలంటే రేడియోలో ‘ఉల్లిపాయ తక్కువైంది’ అను.”

“మీ తిండి యావ కోడ్‌వర్డుకీ పాకిందా సార్?”

“నోర్మూసుకుని తిను.”

షెడ్డు మీటింగ్ హాల్లో పెర్లా మోంతెయాగుదో వెలిగిపోతోంది. ఎర్ర గౌను, ఖరీదైన సెంటు. సమస్యల పరిష్కారంలో నిపుణురాలని, సిబ్బందికి ట్రైనింగ్ ఇవ్వడానికి షెడ్డు డైరెక్టర్ పాస్ గారు ఏరికోరి తెచ్చుకున్న పీహెచ్‌డీ డాక్టరమ్మ.

“ఇంజన్ ఎందుకు ఆగింది?” అని మెకానిక్కులను అడిగింది.

“వేడెక్కింది.”

“ఎందుకు?”

“నీళ్ల పైపు మూసుకుపోయింది.”

“ఎందుకు?”

“ఫిల్టర్ చిరిగి ముక్కలు అడ్డుపడ్డాయి.”

“బిగించింది నికానోర్ కదూ? అతని అజాగ్రత్తే మూలకారణం!”

చప్పట్లు మోగాయి. ఫిట్టర్ నికానోర్ తల దించుకున్నాడు. “రేపట్నుంచి రాకు,” అన్నాడు డైరెక్టర్, కాఫీ చప్పరిస్తూ.

ఫెర్మీన్‌కు ఒళ్లు మండింది. మూలకారణం తేలాలంటే ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడగాలి, అదీ యంత్రాన్ని. ఈ గొర్రెలు మూడింటికే అలసిపోయి మనిషి మెడ పట్టుకున్నాయి.

నికానోర్‌ను స్టోర్‌లోకి లాక్కెళ్లాడు. “ఫిల్టర్ ఎందుకు చిరుగుతోందయ్యా?”

“కొత్తరకం సార్. డాక్టరమ్మ వచ్చీరాగానే పాతవి మార్పించేసింది.”

“ఎందుకని అడగలేదా?”

“అడిగాను. అభివృద్ధికి అడ్డొస్తున్నావన్నారు.”

ఫెర్మీన్ కొత్త ఫిల్టర్ ఒకటి తీసి సముద్రపు నీళ్ల బకెట్‌లో పడేశాడు. కాసేపటికి దాని జాలీ నానిన అప్పడంలా ముక్కలైంది. అదే క్షణాన బయట హారన్ మోగింది. ముఠా ఓడను పట్టుకోవడానికి గస్తీ పడవ రేవు దాటుతోంది.

బకెట్‌తో సహా, రేడియో ఉన్న మీటింగ్ హాల్లోకి దూసుకెళ్లాడు. నికానోర్ వెంటే ఉన్నాడు.

“డాక్టర్ గారూ, ఇంకో రెండు ‘ఎందుకు’లు మిగిలాయి. కరిగిపోయే ఫిల్టర్లు ఎందుకు పెట్టించారు? ముఠాకి ఎందుకు అమ్ముడుపోయారు?”

పెర్లా నవ్వుతూ లిప్‌స్టిక్ తీసింది. దాని చివర సన్నటి తుపాకీ గొట్టం! ఫెర్మీన్ బకెట్ నీళ్లు ఆమె మొహాన కుమ్మరించాడు. తూటా గోడమీది రంగురంగుల చార్టులో దిగింది. నికానోర్ ఆమె చెయ్యి విరిచి పట్టుకున్నాడు. డైరెక్టర్ అప్పటికే బల్లకింద ఉన్నాడు.

ఫెర్మీన్ రేడియో అందుకున్నాడు. “ఉల్లిపాయ తక్కువైంది! ఉల్లిపాయ తక్కువైంది!”

గరగర. తర్వాత కెప్టెన్ గొంతు. “ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదుంది. వెనక్కి తిప్పుతున్నాం.”

పడవ రేవు చేరగానే నికానోర్ స్టోర్‌లో మిగిలిన పాత ఫిల్టర్ బిగించాడు. సాయంత్రానికి పడవ ముఠా ఓడను తాడుకట్టి లాక్కొచ్చింది.

డైరెక్టర్ బట్టలు దులుపుకుంటూ ఫెర్మీన్ దగ్గరికొచ్చాడు. “అంతా బాగానే ఉందిగానీ, మా ట్రైనింగ్ సర్టిఫికెట్లమీద ఇప్పుడు సంతకం ఎవరు పెడతారండీ?”

ఫెర్మీన్ అతన్ని నఖశిఖపర్యంతం చూశాడు.

“ఆవిడచేతే పెట్టించుకోండి. బేడీలు మణికట్లకే వేశాం, వేళ్లు ఖాళీగానే ఉన్నాయి.”