ప్రార్థన అంశం

పొద్దున్నే భోజనాల బల్ల తుడిచి, రెండు బైబిళ్లు ఎదురెదురుగా పెట్టి, రెండు కప్పుల్లో కాఫీ పోసి కూర్చుంది టీచరమ్మ. బడి నుంచి రిటైరై చాలాకాలమైనా సంఘంలో అందరికీ ఆవిడ టీచరమ్మే. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్లకి వాక్యం నేర్పే పనిని పాస్టరుగారు కళ్లు మూసుకుని ఆవిడకే అప్పజెప్పేవారు. సొంత కోడలు కూడా ఆవిడ శిష్యురాలే. వేరే నమ్మకం ఉన్న ఇంట్లో పుట్టి పెరిగిన ఆ పిల్ల, నిరుడు తనంతట తానే అడిగి బాప్తిస్మం తీసుకుంది. అప్పట్నుంచి వంట మొదలుపెట్టకముందే ఈ బల్ల దగ్గర అత్తాకోడళ్లకి ఒక పాఠం, ఒక ప్రార్థన.

ఇవాళ కోడలు గదిలోంచి వచ్చి, బల్ల వైపు చూడకుండానే చెప్పులు వేసుకుంది.

"కాఫీ చల్లారిపోతోందమ్మాయ్. మరి పాఠం?"

"షాపుకి టైమైపోయింది అత్తయ్యా."

ఆ పిల్ల పనిచేసే కళ్లద్దాల షాపు ఇంకా చాలాసేపటికి గాని తెరవరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తలుపు మెల్లగా మూసుకుంది. ధడాలున వేసి ఉంటే టీచరమ్మ ప్రాణం కొంచెం కుదుటపడేది.

రాత్రి డ్యూటీ చేసొచ్చి టిఫిను తింటున్న కొడుకుని అడిగింది. "ఏమైందిరా తనకి? ఆదివారం నుంచి ఇదే వరస."

వాడు ప్లేటులోంచి తలెత్తలేదు. "తననే అడుగమ్మా. నేను చెప్తే బాగోదు."

సాయంత్రం దాకా ఆగి అడిగింది. కోడలు భుజం మీది బ్యాగు తీయకుండానే కుర్చీలో కూర్చుంది.

"మన సంఘం కోశాధికారిగారి భార్య శనివారం షాపుకొచ్చారు. కొత్త అద్దాలు ఆవిడ చెవుల మీద సరిచేస్తున్నాను. నా రెండు చేతులూ ఆవిడ మొహం మీదే ఉన్నాయి. అప్పుడన్నారు. 'విశ్వాసం గట్టిగా లేకపోతే దేవుడిచ్చింది కూడా నిలవదమ్మా. మేమంతా నీకోసం ప్రార్థిస్తున్నాంలే' అని. నేను ఫ్రేము బిగించేసి, చూసుకోమని అద్దం పట్టుకున్నాను."

టీచరమ్మ ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది.

కోడలి కడుపులోనే బిడ్డ పోయిన సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఒకరోజు పాఠం మధ్యలో కోడలు ఏడ్చింది. "ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడుతున్నట్టుంది అత్తయ్యా. ఆయన ఉన్నాడో లేడో కూడా తెలీట్లేదు" అంది. ఆ మాట టీచరమ్మకి నిద్ర పట్టనివ్వలేదు. సంఘంలో స్త్రీల కూడికలో, ఎవరికోసం ప్రార్థించాలో ఆ అంశాలు చెప్పమన్నప్పుడు, గొంతు తగ్గించి, కన్నీళ్లు పెట్టుకుని, మొత్తం చెప్పేసింది. ఇదే పని వీధి అరుగు మీద చేస్తే చాడీలంటారు. కూడికలో చేస్తే ప్రార్థన అంశం. పైగా కోశాధికారి భార్య నోట్లో నువ్వుగింజ నానదని సంఘమంతటికీ తెలిసిందే. పెదవి దాటితే పృథివి దాటుతుందని బడిలో పిల్లలకి ఎన్నిసార్లు అర్థం చెప్పిందో ఈవిడ, ఆ పూట తనకి మాత్రం గుర్తురాలేదు.

"చెడుద్దేశంతో చెప్పలేదమ్మా. నాకు భయమేసింది. పదిమందీ కలిసి అడిగితే..."

"ఆదివారం ఆరాధన అయ్యాక పదిమందీ కలిసే అడిగారు అత్తయ్యా. దేవుణ్ణి కాదు, నన్ను. ఎన్నో నెల, ఎందుకు పోయింది, ఉపవాసం ఉన్నావా, అని." కోడలు లేచింది. "మనసులో ఏదీ దాచుకోకూడదని మీరే నేర్పారు. మీరు నేర్పినట్టే చేశాను."

ఎంతోమందిని విశ్వాసంలో నడిపించిన మనిషి, ఇంట్లో పిల్లని తన చేత్తోనే బయటికి తోసేసినట్టయింది. ఆ రోజు నుంచి బైబిళ్లు రెండూ బల్ల మీద అలాగే ఉండేవి, ఒకదాని మీద సన్నగా దుమ్ము పట్టింది.

బుధవారం కూడిక వీళ్లింట్లోనే. ఇంటికొచ్చినవాళ్లకి టీ ఇవ్వకపోతే బాగోదని కోడలు వంటింట్లో ఉంది. పాటలయ్యాక కోశాధికారి భార్య కొత్త అద్దాలు పైకి తోసుకుని అడిగింది. "టీచరమ్మగారూ, మన అమ్మాయి విషయం ఎంతవరకొచ్చింది?"

వంటింట్లో కప్పుల చప్పుడు ఆగిపోయింది.

టీచరమ్మ లేచి నిలబడింది. "ఆ విషయం నాది కాదు వదినా. నన్ను నమ్మి ఒక పిల్ల నా చేతిలో పెట్టింది. మీ ముందుకి తెచ్చే హక్కు నాకు లేదు. తెచ్చాను, తప్పు చేశాను. ఆ పిల్లకి విశ్వాసం తక్కువై బిడ్డ పోయిందని ఇంకెవరూ అనొద్దు. ఈ వారం అంశం కావాలంటే, నా నోటి గురించి ప్రార్థించండి."

ముగింపు ప్రార్థన ఎప్పుడూ ఆవిడదే, వినేవాళ్ల కళ్లు చెమర్చేలా చేస్తుందని పేరు. ఆ రోజు "తండ్రీ" అని మొదలుపెట్టి, వెంటనే "ఆమేన్" అనేసి కూర్చుంది. ఆడవాళ్లు టీ సగంలోనే వదిలి ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

టీచరమ్మ కప్పులు కడుగుతుంటే కోడలు పక్కకొచ్చి, ఒక్కొక్కటీ అందుకుని తుడవడం మొదలుపెట్టింది.

"రేపు కూర్చుంటాను అత్తయ్యా. పాఠం మాత్రం వద్దు."

"సరే అమ్మా."

"నేనేమైనా చెప్తే ఎవరికీ చెప్పొద్దు."

"చెప్పను."

"దేవుడికి కూడా చెప్పొద్దు. నాకు చేతనైన రోజు నేనే చెప్పుకుంటాను."

ప్రార్థన తప్ప వేరే ఆసరా ఎరగని మనిషికి అంతకన్నా కష్టమైన మాట ఉండదు. కళ్లనీళ్లు కడిగే కప్పులోనే పడ్డాయి. "సరే" అంది.

మర్నాడు పొద్దున్న బైబిళ్లు మూసే ఉన్నాయి. కాఫీ వేడిగానే ఉంది. కప్పు ఖాళీ అయ్యాక కోడలు, ఆ బిడ్డకి పెట్టాలనుకున్న పేరు చెప్పింది. మొగుడికి కూడా ఇంకా చెప్పలేదట.

టీచరమ్మ పెదవులు అలవాటు కొద్దీ ప్రార్థనకి కదలబోయాయి. గట్టిగా బిగపట్టుకుని, బల్ల మీదుగా కోడలి చేయి పట్టుకుంది. ఆ పేరు ఆవిడ ఆ రోజు పైకి అనలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.