నల్లపట్టీ లేని బ్యాడ్జి

లూర్డెస్ ఫుర్తాదో శవం ఆమె ఇంట్లోనే, మెట్ల కింద దొరికింది. తుంటి ఎముక విరిగింది. పడింది సోమవారం మధ్యాహ్నం. ప్రాణం పోయింది మంగళవారం తెల్లవారుతుండగా. ఈ మధ్యలో ఒక పోలీసు ఆ ఇంట్లోకి వెళ్లాడు. చాలాసేపు ఉన్నాడు. అంబులెన్సును పిలవకుండానే బయటికొచ్చాడు.

గుమ్మం కెమెరాలో అంతా పడింది. వాన. టోపీ అంచు కింద మొహం కనపడలేదు. ఛాతీ మీద బ్యాడ్జి మాత్రం స్పష్టంగా కనపడింది. నెంబరు ఇరవై ఏడు.

అది ఎలియో మెడీరోస్ నెంబరు. "వెళ్లింది నేనే" అని పోలీసు సర్టిఫికేషన్లు ఇచ్చే రాష్ట్ర కమిషన్ ముందు ప్రమాణం చేసి మరీ ఒప్పుకున్నాడు. సర్టిఫికేషన్ రద్దు చేశారు. అది పోయినవాడికి ఆ రాష్ట్రంలో ఏ ఊళ్లోనూ పోలీసు ఉద్యోగం ఉండదు. చేపల గోడౌన్ దగ్గర కాపలాకి కుదిరాడు.

మూడేళ్ల తర్వాత ఇప్పుడు, తిరిగి ఇవ్వమని దరఖాస్తు పెట్టుకున్నాడు. చట్టం ఒక్కసారే అడగనిస్తుంది.

ఫైలు ఇనెస్ అమరల్ బల్ల మీదికొచ్చింది. కమిషన్‌లో ఇన్వెస్టిగేటర్ కాకముందు ఆమె ఇరవై ఏళ్లు యూనిఫాం వేసిన మనిషి. వీడియో చూసింది. వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. "ఓరి దేవుడా, ఇంతమందీ కళ్లు ఎక్కడ పెట్టుకున్నార్రా!" అని గొణుక్కుంది. ఆ ఊరి పోలీస్ చీఫ్‌కి ఫోన్ చేసింది.

"ఆ సోమవారం పొద్దున రోల్‌కాల్ జరిగిందా?"

"జరక్కేం? మా స్టేషన్ కుర్రాడు కీయో యాక్సిడెంట్లో పోయిన మర్నాడు. అందరం ఏడుస్తూనే నిలబడ్డాం."

"ఎలియో వచ్చాడా?"

"ముందు వరసలో ఉన్నాడు. ఎందుకు?"

"తర్వాత చెప్తా."

ఎలియో ఇల్లు రేవు వెనక వీధిలో ఉంది. తలుపు తీసినవాడు చిక్కిపోయి ఉన్నాడు. వంటింట్లో పొయ్యి మీద ఆకుకూర సూప్ ఉడుకుతోంది. ముందుగదిలో కిటికీ పక్కన ఒక ముసలాయన కూర్చుని, లేని దుమ్మును బూట్ల మీంచి తుడుస్తున్నాడు.

"మా నాన్న ఆర్మండ్. సార్జెంటుగా రిటైరయ్యాడు. జ్ఞాపకం పోతోంది, ఐదారేళ్లుగా" అన్నాడు ఎలియో. ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు.

"ఉద్యోగం మళ్లీ ఎందుకు?"

"నాకింకో పని చేతకాదు మేడమ్. రోజూ చచ్చి బతుకుతున్నా."

"కీయో పోయాక మీరంతా సంతాపంగా బ్యాడ్జికి నల్లపట్టీ ఎప్పుడు కట్టారు?"

"మర్నాడు రోల్‌కాల్లో. ఖననం అయ్యేదాకా తియ్యలేదు." చెప్తూ చెప్తూ ఆగిపోయాడు.

"పట్టీ ఎక్కడ పడుతుంది?"

ఎలియో చెయ్యి తనకి తెలియకుండానే ఛాతీ మీదికెళ్లింది.

"నేనే చెప్తా. సరిగ్గా నెంబరు మీద. ఆ సోమవారం మీ స్టేషన్లో ఎవరి నెంబరూ చదవడానికి వీల్లేదు. కమిషన్‌లో అందరూ నెంబరు చూశారే గానీ, అది అసలెందుకు కనపడుతోందని ఒక్కడూ అడగలేదు. నువ్వు ఒప్పుకున్నాక ఇంకెవరు వెతుకుతారు? ఆ ఇంట్లోకి వెళ్లింది రోల్‌కాల్‌కి రానివాడు. కీయో పోయిన సంగతే తెలియనివాడు. ఇరవై ఏడు నీకెక్కణ్ణించి వచ్చింది ఎలియో?"

"నాన్న నెంబరు" అన్నాడు నెమ్మదిగా. "రిటైరయ్యాక నాకిచ్చారు."

"పాత బ్యాడ్జి?"

"ఆయన దగ్గరే ఉండేది. యూనిఫాం కూడా. మా వీధిలో లూర్డెస్ పిన్ని పడిపోయి కిటికీ వైపు చూసి కేకేసినట్టుంది. నాన్న అవి వేసుకుని అటే నడిచెళ్తున్నాడు. లోపలికెళ్లాడు. పిన్ని చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఏం చెయ్యాలో మర్చిపోయాడు."

"నీకెలా తెలుసు?"

"ఆ సాయంత్రం నేను డ్యూటీ నించి రాగానే చెప్పాడు. సూప్ తింటూ. 'లూర్డెస్ మెట్ల మీంచి పడింది, చెయ్యి పట్టుకుని కూర్చున్నా, అంబులెన్సు వస్తోంది' అని." ఎలియో రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "రోజుకో పాత కేసు చెప్తాడు మేడమ్. ఇదీ అలాంటిదే అనుకున్నా. నాలుగిళ్ల అవతల. వెళ్లి చూసుంటే బతికేది. మర్నాడు పొద్దున వీడియో చూపించారు. ఆ నడక చూడగానే నాన్నేనని తెలిసిపోయింది. 'వెళ్లింది నేనే' అన్నా. అబద్ధం కాదనిపించింది. మనిషి చస్తోందని విని కూడా వెళ్లనివాణ్ణి నేనేగా."

ఇనెస్‌కి జాలి వేసింది. కోపం అంతకంటే ఎక్కువ వేసింది.

"పిచ్చివాడా" అంది. "ఆ రోజే నిజం చెప్పుంటే ఏమయ్యేదో తెలుసా? జ్ఞాపకం పోయిన మనిషి మీద ఎవరూ కేసు పెట్టరు. ఆయన చెప్పినప్పుడు నువ్వు డ్యూటీలో లేవు. నీ ఉద్యోగం జోలికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు."

"ఏమీ అయ్యేది కాదా?"

"కాదు."

"పోనీ ఇప్పుడు? ఇప్పుడు నిజం తేలిందిగా."

"ఇప్పుడు తేలింది నువ్వు ప్రమాణం చేసి అబద్ధమాడావని. పిన్ని విషయంలో తప్పు చేశావంటే బతిమాలి అయినా సర్టిఫికేషన్ తెచ్చుకోవచ్చు. కమిషన్‌తో అబద్ధం ఆడినవాడికి ఈ జన్మకి ఇవ్వరు. రేపు కోర్టులో నీ సాక్ష్యం ఎవడు నమ్ముతాడు?"

సూప్ పొంగి పొయ్యి మీద పడింది. ఎలియో లేచి పొయ్యి ఆర్పాడు.

ఆమె వెళ్తుంటే ముసలాయన లేచి నిలబడి సెల్యూట్ చేశాడు.

"హెడ్‌క్వార్టర్స్ నించా అమ్మాయ్? మావాడికి ప్రమోషన్ గురించేనా?"

"అవును సార్జెంట్."

"బంగారం లాంటివాడు. ఒక్క అబద్ధం చెప్పి ఎరగడు. రాసుకో."

"అలాగే సార్" అంది ఇనెస్.

వచ్చి కారులో కూర్చుంది. దరఖాస్తు తిరస్కరించమని రాసి, కింద సంతకం పెట్టింది.