మూడుసార్లు పిలిచాకే తాళం

దెయ్యాలు ఉన్నాయా, లేవా అన్నది ఇక్కడ చర్చించను. ఆ పాలిటెక్నిక్ పేరు చెప్పను. సుందర్ రావు గారు చేసిన పని ఎంత తప్పో తూచను. ఆయన ఈ సంగతి ఒకే ఒక్కసారి నోరు విప్పి చెప్పారు. విన్నది విన్నంతే చెబుతాను.

హనుమకొండ నుంచి హసన్‌పర్తి పోయే దారిలో, రోడ్డుకు కాస్త ఎడంగా, మూతబడ్డ మిషన్ దవాఖాన ఒకటి ఉండేది. దాని వెనక, వేపచెట్ల చాటున, ఒంటరిగా ఒక రాతి గది. జనం దాన్ని పీనుగుల అర్ర అనేవారు. గోడలు రెండు మూరల మందం. కిటికీ లేదు. కప్పు కింద చిన్న వెంటిలేటర్ ఒక్కటే. మే నెల ఎండలో కూడా లోపల అడుగు పెడితే ఒళ్ళు జివ్వుమనేది.

ఆ గదికి చెడ్డపేరు ఒక్క రాత్రిలో వచ్చింది. సమ్మమ్మ అనే కూలి మనిషి నాట్లు వేస్తూ పడిపోయింది. ప్రాణం పోయిందనుకున్నారు. చీకటి పడ్డాక ఆ గదిలో బల్ల మీద పడుకోబెట్టి తాళం వేశారు. తెల్లవారి తలుపు తీస్తే బల్ల ఖాళీ. గడప దగ్గర బోర్లా పడి ఉంది... అప్పుడు నిజంగానే పోయి ఉంది. గోళ్ళ సందుల్లో తలుపు చెక్క పొట్టు.

ఆనాటి నుంచి దవాఖాన ఆయా మార్తమ్మ ఒక నియమం పెట్టుకుంది. తాళం వేసే ముందు లోపలున్న మనిషిని పేరు పెట్టి మూడుసార్లు పిలిచేది. మూడోసారి కూడా పలుకు రాకపోతేనే తాళం నొక్కేది. దవాఖాన పోయి పాలిటెక్నిక్ వచ్చింది. మార్తమ్మ ఆయా నుంచి ఊడ్చే మనిషి అయింది. నియమం మాత్రం పోలేదు. ఆ గదికి ఎవరు తాళం వేసినా ముందు మూడుసార్లు పిలవాల్సిందేనని పట్టుబట్టేది.

1987లో ఆ సంస్థకు ఒక కంప్యూటర్ వచ్చింది. దానికి చల్లని గది కావాలన్నారు. ఆవరణ మొత్తంలో చల్లని గది ఒక్కటే.

సుందర్ రావు గారు అక్కడ ఇరవై రెండేళ్ళుగా టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్పుతున్నారు. పది వేళ్ళతో, మీటల వంక చూడకుండా కొట్టేవారు. మీటలున్న యంత్రం ఏదైనా తన చేతికే వస్తుందనుకున్నారు. కానీ ప్రిన్సిపాల్ ఆ గది తాళంచెవిని రాజేశ్వరికి ఇచ్చాడు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి పిల్ల, ఇరవై నాలుగేళ్ళది, హైదరాబాద్‌లో ఏడాది శిక్షణ పొంది వచ్చింది. ఉద్యోగం తాత్కాలికం. వెనక పాత నర్సుల క్వార్టర్లో ఉండేది.

ఆమె రెండు వేళ్ళతో, ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ కొట్టేది. అయినా ఆమె కుర్చీ చుట్టూ పిల్లలు మూగేవారు. సుందర్ రావు గారి టైపు మిషన్లను వరండాలోకి మార్చారు. వాటి మీద దుమ్ము పడితే తుడిచేవాడు కూడా లేడు.

 ఆయన ఆ యంత్రంతో వచ్చిన లావుపాటి పుస్తకాన్ని నెల రోజులు, ఆమె బడికి రాని వేళల్లో, అక్షరం విడవకుండా చదివారు.

ఆ పుస్తకంలో ఆయనకు రెండు సంగతులు తెలిశాయి. ఆ యంత్రం నిద్రలేవగానే తన లోపలున్న ఒక జాబితా చదువుకుంటుంది. అందులో ఏముంటే అది వరుసగా చేస్తుంది. ఆ జాబితా చెడితే ఒక్కటే దారి. యంత్రంతో పాటు వచ్చిన స్టార్టింగ్ ఫ్లాపీని పెట్టి లేపాలి. అప్పుడది జాబితా జోలికి పోకుండా, ఒంటి మీద మరేమీ వేసుకోకుండా, ఉత్తగా లేస్తుంది. లేచాక జాబితా తెరిచి తప్పు దిద్దుకోవచ్చు.

ఒక ఆదివారం సాయంత్రం, చర్చికి పోవలసిన వేళ, ఆయన ఆ జాబితాకు తలమీద ఒక్క వరుస చేర్చారు. తెరకూ మీటలకూ యంత్రంతో సంబంధం తెంచే వరుస. తరువాత స్టార్టింగ్ ఫ్లాపీని తన షార్ట్‌హ్యాండ్ పుస్తకంలో పెట్టుకొని ఇంటికి పోయారు.

సోమవారం యంత్రం కుయ్యిమంది, అంకెలు లెక్కపెట్టింది... ఆపైన మాట లేదు, పలుకు లేదు. లోపల పంకా తిరుగుతూనే ఉంది. దీపం వెలుగుతూనే ఉంది. ఏ మీట నొక్కినా చలనం లేదు. బుధవారం పొద్దున పది గంటలకు బోర్డు వాళ్ళ తనిఖీ. యంత్రం నడవకపోతే కోర్సు రాదు. కోర్సు రాకపోతే రాజేశ్వరికి ఉద్యోగం లేదు.

సమ్మమ్మ లేచి స్విచ్ బంద్ చేసిందని పిల్లలు నవ్వుకున్నారు. రాజేశ్వరి మాత్రం నవ్వలేదు. ఫ్లాపీల డబ్బా నాలుగుసార్లు బోర్లించి వెతికింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

సుందర్ రావు గారు వరండాలో ఎదురుచూశారు. ప్రిన్సిపాల్ వస్తాడు, జర మీరు చూడండి అంటాడు, అప్పుడు అందరి ముందూ తాను ఆ యంత్రాన్ని లేపాలి... ఆయన కోరిందల్లా అదొక్కటే. మంగళవారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ నిజంగానే వచ్చాడు. టైపు మిషన్ మీద చెయ్యేసి నవ్వాడు.

"మీ మిషన్లే నయం సుందర్ రావు గారూ. వీటిని దయ్యం గూడ ముట్టది."

అని, పోతూ పోతూ ఇంకో మాట చెప్పాడు. రాజేశ్వరి ట్రంకాల్ చేసిందట. కంప్యూటర్ కంపెనీ మనిషి తెల్లవారే రైలుకు తన ఫ్లాపీ తెచ్చుకొని వస్తున్నాడట.



ఆదివారం యంత్రం తేదీ అడిగితే నిజం తేదీ కొట్టారాయన. కాగితం మీద తేదీ తప్పు వేయడం ఎరగని మనిషి. ఇరవై రెండేళ్ళ అలవాటు. వేళ్ళు వాటంతట అవే కొట్టేశాయి. జాబితా పక్కనే ఆ తేదీ, ఆ వేళ ముద్రపడి ఉంటాయి. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు ఆవరణలో ఉన్నది తానొక్కడే అని వాచ్‌మన్‌కు తెలుసు.

ఆ రాత్రి పదకొండు దాటాక సైకిలు వేపచెట్టుకు ఆనించి, ఆఫీసు గోడకు వేలాడే మారు తాళంచెవి తీసుకున్నారు. మార్తమ్మ కాజీపేటలో బిడ్డ ఇంటికి పోయింది. ఆమె పిలుపు భయం లేదు. తాళం తీసి కొండికే తగిలించారు. నొక్కితే పడే తాళం అది.

లోపల... లైటు వేయలేదు. తలుపు దగ్గరగా వేసి, తడుముకుంటూ పోయి కూర్చున్నారు. బల్ల ఉండిన చోటే ఇప్పుడు కంప్యూటర్ మేజా.

ఫ్లాపీ పెట్టి స్విచ్ వేశారు. కుయ్యి... అంకెలు... ఫ్లాపీ గరగరలాడింది. గోడల మీద ఆకుపచ్చ వెలుగు పాకింది. యంత్రం ఉత్తగా లేచింది. లేచి, ఈ రోజు తేదీ ఏమిటని అడిగింది.

బతుకులో మొదటిసారి ఆయన తప్పు తేదీ కొట్టారు.

జాబితా తెరిచారు. తలమీద తాను రాసిన వరుస. దాన్ని చెరపడానికి వేళ్ళు ఆడుతున్నాయి... అప్పుడు వినబడింది.

"సుందర్ రావు సార్..."

బయటి నుంచి. గుసగుసగా. మగో ఆడో తెలియని గొంతు.

వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి. పలికితే? ఎవరున్నా తెలిసిపోతుంది. తెల్లవారేసరికి వరంగల్ అంతా తెలిసిపోతుంది. పలకకపోతే...

"సుందర్ రావు సార్..."

పలకకపోతే తాళం పడుతుంది. ఆ నియమం ఆయనకు తెలుసు. పలకనివాడు పీనుగు. పీనుగు మీదే తాళం పడాలి. ఆయన కళ్ళు తలుపు వైపు పోయాయి. ఆ చెక్క మీద, నడుము ఎత్తున, పాత గీతలు... పగలు ఎన్నోసార్లు చూసిన గీతలే.

"సుందర్ రావు సార్..."

ఒక్క 'ఊఁ' చాలు. గొంతు దాకా వచ్చింది. రెండు వేళ్ళతో కొట్టే పిల్ల ముందు దొంగగా నిలబడటం కళ్ళ ముందు కనిపించింది. పెదవులు బిగించారు.

తాళం చప్పుడు కోసం చెవులు రిక్కించారు. ఒక క్షణం... రెండు... వెంటిలేటర్ మీద వాన జల్లు మొదలైంది. ఇంకేమీ వినబడలేదు.

ఎంతసేపు అలా ఉన్నారో ఆయనకే తెలియదు. చివరికి ఆ వరుస చెరిపి, ఫ్లాపీ డబ్బాలో వేసి, యంత్రం ఆపి, తలుపు నెట్టారు.

తెరుచుకుంది. తాళం మెట్టు మీద, వానలో పడి ఉంది.

బుధవారం పొద్దున కంపెనీ మనిషి చెయ్యి వేయకముందే యంత్రం లేచింది. బోర్డు వాళ్ళు తలలూపారు. అందరూ రాజేశ్వరిని మెచ్చుకున్నారు. ఆమె ముఖం పాలిపోయి ఉంది. సుందర్ రావు గారి వంక ఒకసారి చూసి, కళ్ళు తిప్పుకుంది.

వారం తరువాత ఆయన మార్తమ్మను అడిగారు, ఆ రాత్రి నువ్వు గాని వచ్చావా అని.

"కాజీపేటల్నే ఉంటిని సారూ," అంది. చీపురు ఆపి, మెల్లగా అడిగింది. "పలికిన్రా?"

"లేదు."

"పలకకుంటె తాళం పడాలె గద సారూ. మరెందుకు పడలే?"



రెండేళ్ళకు రాజేశ్వరి హైదరాబాద్‌లో పెద్ద ఉద్యోగానికి పోయింది. అక్కడి నుంచి ఒక ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. ఆయన దాన్ని నాకు చదివి వినిపించలేదు. చేతికిచ్చి, గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

*సుందర్ రావు సార్‌కు నమస్కారాలు. ఆ రాత్రి మిమ్మల్ని పిలిచింది నేనే. నిద్రపట్టక బయటికి వస్తే వెంటిలేటర్ లోంచి మీటల చప్పుడు వినబడింది. అంత వరుసగా, తడబడకుండా కొట్టేది ఊళ్ళో మీరొక్కరే. నాకు అంతా అర్థమైంది. తాళం వేసి, పొద్దున బోర్డు వాళ్ళ ముందే తీద్దామనుకున్నాను. మీరంటే నాకు మొదటి నుంచీ కుళ్ళు సార్. నా వేళ్ళకు ఆ పని ఎన్నటికీ రాదు.*

*కానీ పిలవకుండా తాళం వేయనని మార్తమ్మకు మాటిచ్చి ఉన్నాను. అందుకే పిలిచాను. రెండుసార్లూ మీరు పలకలేదు. మూడోసారి పిలిచి తాళం మీద చెయ్యి వేశాను. తలుపుకు అవతల, నా చేతికి ఆనుకున్నంత దగ్గర్లో పలికారు. "నేనున్న బిడ్డా... తాళం వెయ్యకు" అని. తాళం అక్కడే వదిలేసి పరుగెత్తాను.*

*అది ఆడమనిషి గొంతు. ఆ గదిలో మీతో ఉన్నది ఎవరు సార్?*

చదివి మడిచి ఇచ్చాను. ఆయన గోడ వైపు తిరిగే చెప్పారు. ఆ రాత్రి ఆ గదిలో కూర్చున్నది తాను. తలుపుకూ తనకూ మధ్య నాలుగు అడుగులు లేవు. అయినా ఆ పలుకు తనకు వినబడలేదు.

"అది కూడా ఆ పిల్లకే వినబడింది," అన్నారు.

టైపు మిషన్‌లో కాగితం ఎక్కించి ఉంది. పైన తేదీ ఉంది, సరైన తేదీ. దాని కింద ఏమీ లేదు. ఆ ఉత్తరానికి ఆయన జవాబు రాయలేదు.