గేటు మీది పచ్చ అంకెలు

ఉప్పలగుప్తం దాటాక గ్యాస్‌తో కరెంటు తీసే ప్లాంటు మలుపుంది చూశారూ, అక్కడ రాత్రి తొమ్మిది దాటితే ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. గోడ అవతల ఎవరో రొప్పుతున్నట్టు వినిపిస్తుంది. పనిలో పోయిన కూలీ అని ఒకరంటే, కాదు కాలవలో పడ్డ ఆడమనిషని ఇంకొకరు.

ప్లాంటు చిన్నదే, డాబు మాత్రం కొండంత. ఎంత కరెంటు తీశారో, ఎంత పొగ వదిలారో గేటు మీద బోర్డులో పచ్చ అంకెలు మెరుస్తుంటాయి. రిటైరైన దేవదానం మాస్టారు, మనవరాలు బ్లెస్సీకి ఆయాసం తగ్గడం లేదు, మీ పొగలో ఏముందో చెప్పండని మూడు అర్జీలు పెట్టుకున్నారు. మేనేజరు సుబ్రహ్మణ్యేశ్వరరావు మూడుసార్లూ కుర్చీలోంచి లేవకుండానే ఒకటే మాట.

"బోర్డు చూసుకోండి మాస్టారూ. అంతా పరిమితిలోనే ఉంది."

ఏసీ గదిలో కూర్చున్న ఆ మహానుభావుడికి పసిపిల్ల ఆయాసం ఏం తెలుస్తుంది!

మొన్నొక రాత్రి మాస్టారు ఇంటి ప్రార్థన కూడిక ముగించుకుని సైకిలు మీద వస్తున్నారట. దెయ్యాల్లేవని ఊరందరికీ చెప్పే మనిషే... మలుపు దగ్గరకి వచ్చేసరికి పెదాలు వాటంతటవే ప్రార్థన అందుకున్నాయి.

కానీ రొప్పు లేదు.

రోజూ వినిపించేది వినిపించకపోతే అదింకో భయం. గోడ పొడుగునా చీకటి... గేటు మీద పచ్చగా ఏదో కదిలింది. మాస్టారు సైకిలు దిగి చూశారు. బోర్డు. కరెంటు ఉత్పత్తి — సున్నా. పొగ — ముప్పై ఎనిమిది. చూస్తుండగానే నలభై ఒకటి... మళ్ళీ ముప్పై తొమ్మిది.

వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది. మాస్టారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు.

"నేనేనండీ... వాచ్‌మన్ కృపారావుని."

"ప్లాంటు ఆగిందా?" మాస్టారు బోర్డు మీది సున్నా చూపించారు.

"ఆయ్. గ్యాస్ రావట్లేదండి. పది రోజులైంది."

"మరి ఆ రొప్పు?"

"అది గొట్టంలోంచి ఆవిరి వదిలే చప్పుడండి. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు."

"మరి ఈ పొగ అంకెలు?"

కృపారావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కరెంటు అంకెకి నిజం మీటరుందండి, బిల్లు దాని మీదే కదండీ. పొగ అంకెలు... ఆఫీసు కంప్యూటర్లో ముందే పెట్టేసేరు. ప్లాంటు ఆగాక వాటిని ఆపడం మర్చిపోయేరండి. నా పేరు మాత్రం బయటికి రానివ్వకండి..."

దొంగపని చేసినా తెలివిగా చేసి ఏడవద్దా! ఆరిపోయిన పొయ్యికి పొగ లెక్క చూపిస్తున్న ఈ వెధవలా, చదువుకున్న మాస్టారికి పరిమితుల గురించి పాఠం చెప్పింది?

మాస్టారు నవ్వబోయారట. అంతలో ఏదో తట్టి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. ఒకసారి... మళ్ళీ ఇంకోసారి.

బ్లెస్సీ మందు లేకుండా, రాత్రంతా మెలకువ రాకుండా నిద్రపోతున్నదీ పది రోజుల నుంచే.