పది పొట్లాల సంచి

పొద్దున్నే ఆ ఇంట్లో టీ కంటే ముందు లెక్కింపు మొదలయ్యేది. మంచం మీంచి అత్త "ఒకటీ... రెండూ..." అంటుంటే, పక్కనే కోడలు సంచి గుండెలకు హత్తుకుని కుర్చీలో కూర్చుని లేస్తుండేది. పెద్దావిడకు ఎడమవైపు పక్షవాతం వచ్చి ఏడాదైంది. చెయ్యి పడిపోయింది గానీ నోటికేం ఢోకా లేదు.

"నడుంతో కాదమ్మాయ్, తుంటితో వంగాలి! బరువులు నేర్పే మీ కోచమ్మ మాటని నువ్వే చెప్పావు. నాకు గుర్తుంది, నీకు లేదు."

"అయితే మీరే చెయ్యండి అత్తయ్యా, నేను పడుకుని లెక్కపెడతా."

అందరికంటే గట్టిగా నవ్వేది మరిది. పెళ్ళీ పెటాకులూ లేని వడ్రంగి. నిద్రపోతున్న అన్న చెప్పుల్ని గడపకు మేకులేసి కొట్టిన ఘనుడు.

ఈ కసరత్తు సరదాకి కాదు. అది మొదలవకముందు ఒకరోజు, మగవాళ్ళు ఇంట్లో లేని వేళ, అత్తను మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చలేక కోడలు చేతులెత్తేసింది. ఆవిడ తడిసిన పక్కలో మూడు గంటలు పడుకుంది. బస్సు డ్యూటీ దిగొచ్చిన పెద్దకొడుకు అది చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"అమ్మను వృద్ధుల హోమ్‌లో చేర్పిస్తాను. అక్కడ ఎత్తేవాళ్ళుంటారు."

"నేనెత్తుతానండీ."

"నువ్వా? గ్యాస్ బండ జరపడానికి కూడా నన్నే పిలుస్తావు. సరే, మూడు నెలలు చూస్తా. నువ్వొక్కదానివే అమ్మను కుర్చీలో కూర్చోబెడితే ఉంటుంది. లేదంటే లేదు."

టైర్ల షాపు మీద మేడగదిలో, కొత్తగా మొదలుపెట్టే ఆడవాళ్ళకు బరువులెత్తడం నేర్పే ఒకావిడ ఉంది. రెండు వారాలపాటు కోడలి చేతికి చీపురు కర్రలాంటి కర్ర తప్ప ఏమీ ఇవ్వలేదు. "బరువు కంటే ముందు ఒళ్ళు నేర్చుకోవాలి," అంది. అత్తను వదిలి రోజూ రావడం కుదరదంటే, ఇంట్లో చెయ్యమని చెప్పింది. బడి సంచిలో రెండు కిలోల ఇసుక పొట్లాలు వెయ్యాలి, వారానికొకటి. "పది అయ్యాక నా దగ్గరకు రా. నేను చూశాకే మనిషిని పట్టుకో."

"పొట్లాలు నేను కడతా వదినా," అన్నాడు మరిది. మొదటివారమే సంచి అడుగున రెండు ఇటుకలు దాచాడు. కోడలు ఎత్తబోయి నేల మీద కూలబడింది. ఇల్లంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, బాత్రూంలోకి వెళ్ళింది.

ఆ తర్వాత మాత్రం సంచి ఆమె మాట విన్నది. అయిదో పొట్లం పూలసజ్జలా లేచింది. ఎనిమిదో వారానికి ఆమె నడకే మారిపోయింది. పదో పొట్లం పడ్డాక కోచ్ దగ్గరకు వెళ్ళలేదు. ఎత్తుతున్నాను కదా, ఇంక ఆవిడ చూసేదేముంది అనుకుంది.

భర్తకు సెలవున్న రోజు అందరూ మంచం చుట్టూ చేరారు.

"వదినా, ఇంకో నాలుగు వారాలు ఆగరాదూ," అన్నాడు మరిది. నవ్వకుండా అన్నాడు. అతను నవ్వకుండా అన్నాడంటే ఇంకా పెద్ద జోకేదో దాచాడనుకుని అందరూ నవ్వారు.

కోడలు కాళ్ళు ఎడం పెట్టి, అత్త చంకల కింద చేతులు దూర్చి లేపింది. మంచానికీ కుర్చీకీ మధ్య బరువు ఆపలేకపోయింది. ఇద్దరూ పడిపోయారు. అత్త కిందపడింది. కోడలు ఆవిడ మీద పడింది.

పెద్దావిడ తుంటి ఎముక విరిగింది. గుండె బలహీనంగా ఉందని, ఆపరేషన్ తట్టుకోలేదని ఆసుపత్రిలో చెప్పేశారు. పన్నెండు రోజుల తర్వాత స్ట్రెచర్ మీద ఇంటికి తెచ్చారు.

"రేపు హోమ్ వాళ్ళ బండి వస్తుంది," అన్నాడు భర్త. "నీ పంతానికి మా అమ్మ కాలు పోయింది."

అతను మూలనున్న సంచిని చూశాడు. పారేద్దామని, ఇరవై కిలోలకు సరిపడా ఊపిరి బిగించి లాగాడు. సంచి గాల్లోకి లేచింది. అతను వెనక్కి తూలి గోడకు కొట్టుకున్నాడు. ఒక పొట్లం చింపాడు. పైన పిడికెడు ఇసుక, కిందంతా రంపపు పొట్టు.

ముగ్గురూ వడ్రంగి వైపు తిరిగారు.

"ఇటుకలు పెట్టిన రోజు," అన్నాడతను, నేల చూపులు చూస్తూ, "బాత్రూంలో కుళాయి తిప్పి నువ్వేడవడం విన్నాను వదినా. ఒక్కరోజైనా తేలిగ్గా ఎత్తి నవ్వుతావని పొట్టు నింపాను. నవ్వావు. రేపు చెబుదామనుకున్నా. ప్రతి వారం రేపే అయింది."

అన్న చెయ్యి లేచింది.

"ఆగరా," అంది తల్లి. "వాణ్ణి కొడితే నా ఎముక అతుక్కుంటుందా? అమ్మాయ్, నువ్వు కోచమ్మకు ఎందుకు చూపించుకోలేదు?"

"ఇంకా ఆగమంటుందేమోనని భయమేసింది అత్తయ్యా. గడువు అయిపోతోందిగా."

అన్న చెయ్యి దించేశాడు. ఆ గడువు పెట్టిందెవరో ఎవరూ అనలేదు. అతనే వరండాలోకి వెళ్ళి, బండి రానక్కర్లేదని ఫోన్‌లో చెప్పాడు.

"నేనిక కుర్చీలో కూర్చోను," అంది అత్త. "పక్కకు తిప్పండి చాలు. వీపు మండిపోతోంది."

మర్నాడు కోడలు పిలిస్తే కోచ్ ఇంటికొచ్చి, పెద్దావిడ కింద దుప్పటి పరచి, రెండు వైపులా పట్టుకుని తిప్పడం నేర్పి వెళ్ళింది. అప్పటినుంచీ రెండు గంటలకోసారి, ఒకవైపు కోడలు, ఇంకోవైపు మరిది. ఆమె అతనితో మాట్లాడటం లేదు.

మూడోసారి తిప్పుతున్నప్పుడు దుప్పటి తన చేతుల్లో తేలిపోవడం ఆమె గమనించింది. అతను బరువంతా తనవైపు లాక్కుంటున్నాడు.

"వదులు."

"వదినా, నీకు..."

"ఇంకెప్పుడూ నా బరువు తగ్గించకు."

అతను పట్టు సడలించాడు. బరువు ఒక్కసారిగా ఆమె చేతుల్లోకి దిగింది. భుజాలు అదిరాయి, తొడలు వణికాయి. ఒళ్ళు వంచి నిలదొక్కుకుని, అంగుళం అంగుళం తిప్పింది. పెద్దావిడ వీపుకు గాలి తగిలింది.

"ఏమ్మా, బరువున్నానా?"

"చాలా ఉన్నారత్తయ్యా," అంది కోడలు. కళ్ళనీళ్ళు బుగ్గల మీద కారుతున్నాయి. దుప్పటి మాత్రం వదల్లేదు.