మెషిన్ రూమ్ మామ

పొద్దున్నే లిఫ్ట్ మెకానిక్ ముఖం వెలిగిపోతోంది. ఆ ఇంట్లో అది అరుదైన సంగతి. మామూలుగా అతను లేవగానే కుళాయిని తిడతాడు, ఆ తర్వాత వార్తల్ని తిడతాడు, బూట్లు తొడుక్కుంటూ తన బతుకుని తిడతాడు. ఈవేళ మూడూ మరిచిపోయి, బల్ల దగ్గర కూర్చుని, రొట్టెముక్క నములుతూ ఫోన్‌లోకి చూసి తనలో తనే నవ్వుకుంటున్నాడు.

కుట్టుమిషన్ ముందున్న భార్య సూదిలో దారం ఎక్కిస్తూ ఓరకంట చూసింది.

"ఏమండీ, లాటరీ గానీ తగిలిందా?"

"అంతకంటే పెద్దదే. నీకు చెప్పినా అర్థం కాదులే."

"నాకేం అర్థమవుతుంది! పాతికేళ్ళుగా మిమ్మల్ని అర్థం చేసుకునే పనిలోనే ఉన్నా. అదింకా పూర్తి కాలేదు."

ఆ మాటకి కూడా అతనికి కోపం రాలేదు. లేచి, రెండో కప్పులో టీ పోసి, కూతురి గది ముందు నేల మీద పెట్టి, తలుపు మీద వేలితో రెండుసార్లు తట్టి వచ్చేశాడు. కప్పు లోపలికి వెళ్ళడం, ఖాళీగా బయటికి రావడం. ఆ పిల్లతో అతనికి మిగిలిన రాకపోకలు అవే. ఏదో కంపెనీ కస్టమర్ కేర్‌లో ఇంట్లోంచే పని చేస్తుంది. చెవులకి ఆ హెడ్‌ఫోన్ డిప్పలు తగిలించుకుని, ఎక్కడెక్కడి వాళ్ళో ఫోన్లు చేసి తిడుతుంటే, "మీ ఇబ్బంది నాకు అర్థమైంది సార్" అంటుంది. ఆ మాట గోడ ఇవతలికి రోజుకి వందసార్లు వినిపిస్తుంది. ఇవతల ఉన్నవాడి ఇబ్బంది ఏమిటో మాత్రం అడిగిన పాపాన పోలేదు.

ఒకప్పుడు ఇలా లేదు. పిల్లకి తొమ్మిదేళ్ళప్పుడు, ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్లో యానిమే అనే జపాన్ బొమ్మల సీరియళ్ళు చూడ్డం మొదలుపెట్టారు తండ్రీకూతుళ్ళు. కత్తులు, దయ్యాలు, గాల్లో ఎగిరే తన్నులాటలు. మాటలు జపాన్‌వి, కింద అక్షరాలు ఇంగ్లీషువి. ఆరో తరగతిలో బడి మానేసిన మెకానిక్‌కి రెండూ ఒకటే. అందుకని పిల్ల అతని చెయ్యి మీద తల పెట్టుకుని, అక్షరాలు చదివి తెలుగులో చెప్పేది. రాక్షసుడి మాటలకి బొంగురు గొంతు, దేవతకి సన్న గొంతు. ఏడేళ్ళు అలా గడిచాయి. ఆ తర్వాత పిల్లకి ఫోను వచ్చింది, స్నేహితులు వచ్చారు, గదికి గడియ వచ్చింది. ఒకసారి సిగ్గు విడిచి, "అమ్మడూ, ఇందులో వీడేమంటున్నాడే?" అని అడిగాడు. "తర్వాత నాన్నా, మీటింగ్" అంది. ఆ తర్వాత అనేది రాలేదు.

అయినా చూడ్డం మానలేదు. పన్నెండంతస్తుల భవనం పైన, లిఫ్ట్ మోటారు ఉండే మెషిన్ రూమ్‌లో, మధ్యాహ్నం క్యారియర్ విప్పుకుని ఒక్కడే చూసేవాడు. అక్షరాల సంగతి వదిలేశాడు. మనుషులు ఏడుస్తుంటే ఎందుకేడుస్తున్నారో, కొడుతుంటే ఎందుకు కొడుతున్నారో ముఖాలు చూసి తనే కథ అల్లుకునేవాడు. ఐదు నెలల క్రితం, తెలుగులో యానిమే గురించి రాసుకునే పేజీ ఒకటి కంటబడింది. పేరు అడిగితే మెషిన్ రూమ్ మామ అని కొట్టాడు. చూసిన ప్రతి భాగం మీదా అభిప్రాయం రాయడం మొదలుపెట్టాడు. నిన్న రాసింది ఇది:

'ఈ సీరియల్లో ఈటె పట్టుకున్న పిల్ల ఉంది. ఒక్కో వాకిలి దాటుతుంది. ఒక్కో వాకిట్లో ఒక్కో దయ్యంతో కొట్లాడుతుంది. దానికి పదడుగుల వెనక కొమ్ముల ముసలాడు నడుస్తాడు. మూతికి గుడ్డ కట్టుకున్నాడు. వాడు దాని నాన్న. మాట్లాడితే పిల్లకి విసుగని నోరు కట్టేసుకున్నాడు. ఫైటింగులు బాగున్నాయి. గోపురం మీంచి గొలుసు పట్టుకు వేలాడే సీను తప్పు. అంత సన్న గొలుసు పిల్ల బరువు, ఈటె బరువు ఆపదు. తెగుతుంది. తీసేవాళ్ళు చూసుకోవాలి.'

దాని కింద రెండు వేల మంది. 'మామా చంపేశావు', 'మామా నువ్వు దేవుడివి', 'రోజూ రాయి మామా'. వరసగా పసుపు ముఖాలు, ఒక్కో ముఖానికి రెండు కళ్ళ దగ్గరా రెండు కన్నీటి చుక్కలు. పాపం, ఎంత కదిలిపోయారో అనుకున్నాడు మెకానిక్. సొంత ఇంట్లో ఒక్కరు వినని మనిషి మాటకి రెండు వేల మంది కన్నీళ్ళు పెట్టుకుంటున్నారంటే నవ్వు రాక ఏమొస్తుంది?

గడియ తీసిన చప్పుడైంది. కూతురు బయటికొచ్చింది. చెవుల డిప్పలు మెడలో ఉన్నాయి. చేతిలో ఫోను. ముఖం పాలిపోయి ఉంది.

"నాన్నా, నీ ఎడమచెయ్యి చూపించు."

"ఎందుకే?"

"చూపించు."

చూపించాడు. ఎప్పుడో లిఫ్ట్ తలుపులో పడి, బొటనవేలి గోరు రెండుగా చీలి అలాగే పెరిగింది. పిల్ల ఫోన్లో బొమ్మ పెద్దది చేసి పక్కన పెట్టింది. నిన్నటి అభిప్రాయంతో పాటు అతను పెట్టిన ఫొటో. గ్రీజు పట్టిన మోటారు, టీ గ్లాసు, గ్లాసు పట్టుకున్న వేలు.

"మెషిన్ రూమ్ మామ నువ్వేనా?"

మెకానిక్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "నీదాకా వచ్చిందా! నేనే. ఎలా ఉన్నాయి?"

"ఎందుకు రాశావు నాన్నా అవన్నీ?"

"ఎందుకేమిటే, జనం అడుగుతున్నారు. చూడు, ఎంతమంది ఏడ్చారో."

"ఏడవలేదు నాన్నా! అది పడీపడీ నవ్వే బొమ్మ. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళొచ్చాయని దానర్థం. నువ్వు రాసిందాంట్లో ఒక్క ముక్క నిజం లేదు. మొన్న రాసిన రైలు సీరియల్లో దయ్యాల రాజు కాయితం విప్పితే, అది పట్టాల ప్లాను, వాడు ఇంజినీరు అన్నావు, అది శాపం రాసిన కాయితం! అందరూ నువ్వు కావాలని జోకులేస్తున్నావనుకుంటున్నారు. కొందరైతే నీకు పిచ్చనుకుంటున్నారు."

కుట్టుమిషన్ ఆగిపోయింది.

"అందరూనా?" అన్నాడు మెకానిక్.

"అందరూ."

"నీకెలా తెలుసు?"

పిల్ల తల దించుకుంది. అబద్ధమాడితే సరిపోయేది. ఆడలేదు.

"యానిమే చూసే మా స్నేహితుల గ్రూపులో... ప్రతి ఆదివారం నీ అభిప్రాయాలు నేనే చదివేదాన్ని. గొంతు మార్చి. నువ్వని తెలీదు నాన్నా, ఒట్టు. నేను చదివితేనే బాగా నవ్వొస్తుందని అడిగి మరీ చదివించుకునేవాళ్ళు."

గొంతు మార్చి అన్న మాట దగ్గర మెకానిక్ చెయ్యి బల్ల మీద ఆగిపోయింది. రాక్షసుడికి బొంగురు గొంతు. తనకి ఏ గొంతు పెట్టిందో అడగలేదు.

"బాగుంది," అన్నాడు నెమ్మదిగా. "ఆరేళ్ళుగా నా మాట ఒక్కటి చెవిన వేసుకోలేదు. ఐదు నెలలుగా విన్నావన్నమాట. నవ్వుకోడానికైనా విన్నావు."

"నాన్నా, అలా అనకు..."

"ఎలా అనాలి మరి? మీ ఇబ్బంది నాకు అర్థమైంది మేడమ్, అనాలా?"

"ఏమండీ!" అంది భార్య.

"నువ్వు కుట్టుకో. మీ పనులు మీరు చూసుకోండి. చదువుకున్నవాళ్ళు. పిచ్చోడి పని పిచ్చోడు చూసుకుంటాడు." పనిముట్ల సంచి భుజాన వేసుకుని, క్యారియర్ బల్ల మీదే వదిలేసి, తలుపు దబాలున వేసి వెళ్ళిపోయాడు.

ఆ రోజు పన్నెండంతస్తుల భవనంలో నెలవారీ సర్వీసింగ్. మెయిన్ స్విచ్ ఆపేసి, మెషిన్ రూమ్ తలుపు దగ్గరికేసి, స్టీలు తాళ్ళు ఒక్కొక్కటీ గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. పగిలిన పోగు ఉంటే గుడ్డకి పట్టుకుంటుంది. తాడు ఎక్కడ బలహీనపడిందో వేళ్ళతో చెప్పగలడు. మనిషి ఎక్కడ తెగిపోయాడో చెప్పే గుడ్డ ఎవరి దగ్గరా ఉండదు.

మధ్యలో ఫోను తీసి, పాత అభిప్రాయాలన్నీ మళ్ళీ చూశాడు. అవే పసుపు ముఖాలు. పొద్దుటిదాకా ఏడ్చిన ముఖాలు ఇప్పుడు వరసలో నిలబడి పళ్ళికిలిస్తున్నాయి. 'దేవుడివి' అన్నవాడు, 'చంపేశావు' అన్నవాడు, అంతా ఒకే గుంపు. మధ్యాహ్నమైంది. ఆకలేసింది. క్యారియర్ లేదు. సీరియల్ పెట్టుకోబుద్ధి కాలేదు. మోటారు కూడా ఆగి ఉండేసరికి ఆ గదిలో తన ఊపిరి తనకే వినిపించి భయమేసింది. ఇన్నాళ్ళూ ఇక్కడ రెండు వేల మందితో కూర్చున్నాననుకున్నాడు. ఈ నాలుగు గోడల మధ్య ఉన్నది ఎప్పుడూ ఒక్కడే.

పేజీ మూసేయాలని అక్కడా ఇక్కడా నొక్కాడు. ఎలా మూయాలో తెలిసి చావలేదు. ఆ మాత్రం చదువు కూడా లేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్నారు. తలుపు తోసుకుని కూతురు వచ్చింది. మనిషంతా చెమట. చేతిలో క్యారియర్. పన్నెండంతస్తులు ఎక్కి మాట రాక, గోడకి ఆనుకుని నిలబడింది.

"లిఫ్ట్ ఆపేశానని తెలీదా?" అన్నాడు మెకానిక్.

"కింద... చెప్పారు."

"సాయంత్రం దాకా ఆగితే నేనే వచ్చేవాణ్ణిగా."

"వచ్చినా మాట్లాడవుగా." నేల మీద కూలబడింది. "పని మధ్యలో లేచొచ్చేశాను. గ్రూపులో చెప్పేశాను నాన్నా. ఆయన మా నాన్న అని."

అతను చేతిలో గుడ్డ మడత పెట్టాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు. "ఏమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదు. ఒకడు మాత్రం, నిజంగానే ఆ గొలుసు తెగుతుందా అని అడిగాడు."

"తెగుతుంది."

"అదే చెప్పాను."

క్యారియర్ విప్పి అతని ముందుకు జరిపింది. అతను ముట్టుకోలేదు. "ఒకటి అడుగుతా, నిజం చెప్పు. నా మీద జాలిపడి అబద్ధం చెప్పకు. ఆ కొమ్ముల ముసలాడు ఎవడు?"

"ఆ ఈటె పిల్ల వాళ్ళ నాన్నని చంపినవాడు. చివరి వాకిలి దగ్గర ఆ పిల్లని కూడా చంపడానికే వెనకాల వస్తుంటాడు. ఆ గుడ్డ తీస్తే వాడి నోట్లోంచి విషం వస్తుంది. మొదటి భాగంలోనే చెప్పేశారు నాన్నా."

"చంపినవాడా..." మెకానిక్ ముఖం చిన్నబోయింది. ఇన్నాళ్ళూ తను ప్రేమించిన ముసలాడు. మధ్యాహ్నం భోజనానికి తోడు కూర్చున్న ముసలాడు. "మరి ఆ పిల్లకి తెలుసా?"

"మొదటినుంచీ తెలుసు."

"తెలిస్తే, మరి ఎందుకాగుతుంది?"

"ఎక్కడ?"

"ప్రతి వాకిలి దగ్గరా. తలుపు మీద చెయ్యేసి, తొయ్యదు. వెనక ముసలాడి అడుగుల చప్పుడు దగ్గరయ్యేదాకా ఆగుతుంది. ఆ తర్వాతే తోస్తుంది. చంపేవాడి కోసం ఎవరైనా ఆగుతారా? నాన్న కోసమైతే ఆగుతారని రాసుకున్నా."

"ఆగదు నాన్నా. నేను మొత్తం రెండుసార్లు చూశాను."

"చూడు మళ్ళీ."

పిల్ల ఫోను తీసి నాలుగో భాగం పెట్టింది. వాకిలి వచ్చింది. తెర అడుగున అక్షరాలు గబగబా మారుతున్నాయి. అలవాటు కొద్దీ కళ్ళు అటే పోయాయి. బలవంతాన పైకి లాక్కుంది. ఈటె పట్టిన పిల్ల తలుపు మీద చెయ్యేసింది. ఆగింది. మెడ కొంచెం పక్కకి తిరిగింది. వెనక చప్పుడు దగ్గరైంది. పిల్ల భుజాలు కొంచెం దిగాయి, బరువేదో దించుకున్నట్టు. అప్పుడు తలుపు తోసింది.

కూతురు ఐదో భాగం పెట్టింది. అక్కడా ఈటె పిల్ల ఆగింది. తొమ్మిదో భాగం పెట్టింది. ఆగింది.

తనని ద్వేషించడానికైనా వెనక ఒకడు ఉండాలని కోరుకునేంత ఒంటరిదా ఆ పిల్ల? రెండుసార్లు చూసి, గ్రూపులో గంటలు గంటలు వాదించి, అందరికీ కథ విడమరిచి చెప్పిన తనకి ఈ సంగతి ఎప్పుడూ కనబడలేదు.

"నేను కింద అక్షరాలే చదువుకుంటూ పోయాను నాన్నా," అంది. "దాని ముఖం చూడనే లేదు."

తండ్రి ముఖంలోకి చూసింది. గడ్డం సగం నెరిసింది. కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. ఇవన్నీ ఎప్పుడొచ్చాయో కూతురికి తెలీదు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మెకానిక్‌కి ఓదార్చడం రాదు. చెయ్యి ముందుకు చాపి, దానికున్న గ్రీజు చూసి వెనక్కి తీసుకున్నాడు.

"ఏడిస్తే ఏడిచావు గానీ, ఆ చేతుల్తో కళ్ళు తుడుచుకోకు. నువ్వు పట్టుకున్న గోడంతా గ్రీజే. మండి చస్తావు."

ఏడుపులోనే పిల్లకి నవ్వొచ్చింది. చీదుకుని, మోచేత్తో ముఖం తుడుచుకుని, అతని పక్కకి జరిగింది.

"పేజీ మూసేద్దామనుకున్నా," అన్నాడు. "రాలేదు."

"మూయకు."

"మళ్ళీ నవ్వుతారే."

"నవ్వనీ. నువ్వు చూసింది నువ్వు రాయి. ముందు నాకు చెప్పు. చెప్పాక రాయి." అతని భుజానికి భుజం ఆనించి కూర్చుంది. "పదో భాగంలో ఏం జరిగింది?"

"నీకు తెలుసుగా."

"తెలీదు. చెప్పు."

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఇంతలో లిఫ్ట్ సందులోంచి కింద వాచ్‌మన్ కేక పైకి తేలి వచ్చింది.

"మామా, అయిపోయిందా? ఇక్కడ జనం నిలబడున్నారు!"

తాళ్ళు తుడవడం అయిపోయి గంట దాటింది. స్విచ్ చేతికందేంత దూరంలోనే ఉంది. మెకానిక్ దానివైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. సందులోకి వంగి గట్టిగా అరిచాడు.

"ఎక్కడయింది! ఇంకా చాలా పనుంది!"