ఈశాన్యంలో గొయ్యి

"ఆగు! కాలు కింద పెట్టకు!"

అఖిల్ ఒంటికాలి మీద ఆగిపోయాడు. ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో ఫోను, ఫోనులో ఆఫీసు మీటింగు.

"పెట్టకపోతే పడిపోతానండీ."

"పడితే వెనక్కి పడు. ముందుకి పడితే నా గోడ కూలిపోతుంది."

గోడ ఎక్కడుందో అఖిల్‌కి కనపడలేదు. కనపడింది ఒక గొయ్యి. దాని అవతల ఆరెంజ్ జాకెట్టు, తెల్ల హెల్మెట్టు, ఆ రెంటికీ మధ్య మంచి కోపంలో ఉన్న రెండు కళ్ళు. ఆ కళ్ళు చూస్తూ బుద్ధిమంతుడిలా వెనక్కే పడ్డాడు. కాఫీ చొక్కా మీద ఒలికింది. మ్యూట్‌లో పెట్టని ఫోనులోంచి మేనేజరు, "ఆర్ యూ ఓకే?" అని అడుగుతూనే ఉన్నాడు.

గోడ అంటే గొయ్యి అంచున నిలువుగా కోసిన మట్టి అని, అందులో పొరలు చూసి ఏది ముందో ఏది తర్వాతో చెబుతారని ఆ తర్వాత తెలిసింది.

అమెరికాలో షాంటిలీ ఊరు దాటి పడమరగా కాసేపు డ్రైవ్ చేస్తే వచ్చే ఆ స్థలం అఖిల్ బాబాయి విశ్వనాథానిది. ఇన్నేళ్ళూ అపార్ట్‌మెంట్లలో, టౌన్‌హౌసుల్లో సర్దుకున్న సుబ్బులు పిన్ని, వాస్తు ప్రకారం తనకంటూ ఒక ఇల్లు ఉండి తీరాలని పట్టుబడితే కొన్నారు. ఒకప్పుడు అక్కడ పెద్ద వ్యవసాయ క్షేత్రం ఉండేదట. అందుకని తవ్వకం జరిగినన్నాళ్ళూ ఆర్కియాలజిస్టు ఒకరు పక్కన నిలబడి చూడాలని కౌంటీ షరతు పెట్టింది. బాబాయి వాళ్ళింట్లోనే ఉంటూ, ఇంట్లోంచే కోడ్ రాసుకునే అఖిల్‌కి ఇంటిపని అప్పగించారు. కాంట్రాక్టరు పంపే ఈమెయిళ్ళన్నీ వాడే చూసుకోవాలి. హెచ్ వన్ బీ వీసా మీద ఉన్నవాడు ఏ ఈమెయిలూ సగం చదివి వదలడని పిన్ని నమ్మకం.

నిలబడి చూడ్డానికి వచ్చిన అమ్మాయి నైనిక. ఇర్వింగ్‌లో పుట్టి పెరిగింది. తెలుగు మొత్తం వాళ్ళమ్మ రాధారాణి కేకల్లోంచి నేర్చుకుంది కాబట్టి అందులో 'మీరు' అనే మాట లేదు. సగానికి పైగా ఆజ్ఞలే.

"చూడ్డానికి జీతమా?" సుబ్బులు పిన్ని విస్తుపోయింది. "మీ బాబాయి పెళ్ళైన దగ్గర్నుంచీ నేను చేసే పనులన్నీ నిలబడి చూస్తున్నారు. ఆయనకెవరూ ఒక్క డాలరిచ్చిన పాపాన పోలేదు."

"నేను కూర్చుని చూస్తాను," అని విశ్వనాథం సవరించాడు.

ఎక్స్‌కవేటర్‌కి పళ్ళున్న బకెట్ తీయించేసి, నున్నటి అంచున్న బోసి బకెట్ పెట్టించింది నైనిక. అది పైమట్టిని పొరలు పొరలుగా గీస్తుంటే పక్కనే నడుస్తూ కళ్ళార్పకుండా చూసేది. రోజూ లంచ్ టైముకి అఖిల్‌కి సైటులో ఏదో ఒక పని తగిలేది. పని తగలని రోజు పిన్ని కలిపిన పులిహోర తగిలేది.

ఒకరోజు వాన మొదలైంది. మెషీన్ ఆపేశారు. ఇద్దరూ ఆమె కారు వెనక డోరు పైకెత్తి దాని కింద కూర్చున్నారు. అమెరికాలో పుట్టిన పిల్ల, ఫ్లాస్కులోంచి పాలు పోసిన టీ వంచింది.

"ఇదెక్కడి అలవాటండీ?"

"ఇంగ్లండ్. మాస్టర్స్ అయ్యాక నార్త్‌లో పని చేశా. గొర్రెల పొలాల్లో. రైతు షెడ్ వేసుకున్నా, ఎవరో పైపు వేసుకున్నా, వెళ్ళి నిలబడాలి. అక్కడ దాన్ని వాచింగ్ బ్రీఫ్ అంటారు. రోజూ వాన. నేను, మెషీన్ నడిపే ఆయన, గొర్రెలు."

"ఏం దొరికాయి? కత్తులు, కిరీటాలు?"

"డ్రెయిన్స్."

"ఆ?"

"పాత డ్రెయిన్స్. కొత్త డ్రెయిన్ కోసం తవ్వితే పాత డ్రెయిన్ వచ్చేది. నవ్వకు. ఏమీ దొరక్కపోతే 'ఏమీ లేదు' అని రిపోర్ట్ రాస్తాం. అది కూడా రిజల్టే."

"మరి నిజంగా ఏదైనా కనపడితే?"

"చెయ్యెత్తుతా." నైనిక చెయ్యెత్తి చూపించింది. "మెషీన్ అక్కడే ఆగిపోవాలి. ఎవ్వరూ కదలకూడదు."

వాన చినుకు ఒకటి ఆ ఎత్తిన చేతి మీద పడి మోచేతి దాకా జారింది. దాన్ని ఇంత శ్రద్ధగా చూడాల్సిన అవసరం ఏమిటని అఖిల్ తనని తానే ప్రశ్నించుకున్నాడు. జవాబు తెలిసి, టీ తాగేశాడు.

ఈ సుఖం శుక్రవారం సాయంత్రం దాకా నడిచింది. ఆ సాయంత్రం కాంట్రాక్టరు మనుషులొచ్చి సెప్టిక్ ట్యాంక్ రావలసిన చోట గులాబీ రంగు జెండాలు పాతి వెళ్ళారు. వాటిని చూసి అఖిల్ ఫోనులో పాత ఈమెయిళ్ళు వెతికాడు.

మార్చిలో భూమి పూజ చేశారు. ఈశాన్యంలో గొయ్యి తీసి పిన్ని తన చేత్తో ఇత్తడి చెంబు పాతిపెట్టింది. నవధాన్యాలు, వెండి నాగపడిగ, పసుపు కొమ్ము. తర్వాత వేసవిలో ఒక ఈమెయిల్ వచ్చింది. అనుకున్నచోట నేలలో నీళ్ళు ఇంకడం లేదు, ట్యాంకుని ఇటు జరిపి ఇంటిని అటు జరుపుతాం, సరేనా అని. అఖిల్ ఆఫీసులో ఏదో రిలీజ్ గొడవలో ఉండి సరే అన్నాడు. ఇప్పుడు జెండాలు సరిగ్గా భూమి పూజ చేసినచోట నిలబడి రెపరెపలాడుతున్నాయి.

అంటే ఇంటికి ఈశాన్యంలో సెప్టిక్ ట్యాంక్. దాని అడుగున పిన్ని పెట్టిన చెంబు.

తెలుగింట్లో ఇంతకంటే పెద్ద నేరం చేయాలంటే చాలా కష్టపడాలి. ట్యాంక్ సంగతి ఎలాగో నెమ్మదిగా చెప్పొచ్చు, ముందు చెంబుని అక్కణ్ణుంచి తప్పిస్తే చాలనుకున్నాడు. శనివారం తెల్లవారుతుండగా పిన్ని కరివేపాకు కుండీ పక్కనుండే చిన్న పార పట్టుకుని వచ్చి, జెండాల మధ్య తవ్వాడు.

చెంబు రాలేదు. తెల్లటి పలుగురాళ్ళు వచ్చాయి, గుప్పెడు. ఒక నీలం పూస. చిల్లు పెట్టిన నాణెం. అవి నేలలో వాటంతటవి చేరేవి కావని అఖిల్‌కి కూడా అర్థమైంది. కంగారుగా అన్నీ గొయ్యిలో వేసేసి, మట్టి కప్పి, పైన గడ్డి పరిచాడు.

సోమవారం నైనిక ఆ గడ్డి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది.

"ఎవరో తవ్వారు. మెటల్ డిటెక్టర్ గాళ్ళు అయ్యుంటారు. వీకెండ్ నేను ఫెన్స్ వేయించలేదు. నా తప్పే. మా బాస్ నన్ను ఈ జాబ్ నుంచి తీసేస్తాడు."

"అంత దూరం వెళ్తుందా?"

"వెళ్ళాలి కూడా. పోలీస్‌కి ఫోన్ చేస్తున్నా. సిగ్గులేని దొంగ! వాడికి ఇదంతా అమ్ముకునే సరుకు. ఇలాంటివాణ్ణి..." ఆమె తెలుగు అయిపోయింది. ఇంగ్లీషులో అందుకుంది.

అఖిల్ ఊరుకుంటే ఆ దొంగ ఎప్పటికీ దొరకడు. చెబితే పిన్ని ఇల్లు ఆగుతుంది. ఈ అమ్మాయి మళ్ళీ మొహం చూడదు. ఊరుకుంటే మాత్రం ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది.

"ఫోన్ చేయకండి. తవ్వింది నేను."

మొత్తం చెప్పాడు. ఈమెయిల్, ట్యాంకు, చెంబు, పలుగురాళ్ళు. నైనిక నవ్వలేదు, అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఏది పైన ఉంది? రాళ్ళా, పూసా?"

"గుర్తులేదు."

"ఫోటో?"

"తియ్యలేదు."

"రోజంతా ఫోన్ పట్టుకు తిరుగుతావు, ఒక్క ఫోటో తియ్యలేదు! అన్నీ తీసి మళ్ళీ వేసేశావా? వస్తువుల కోసం కాదు అఖిల్ నా పని. అవి ఎలా పెట్టి ఉన్నాయో దాని కోసం. అది ఇంక ఎవరికీ తెలీదు. నాకు, నీకు, ఎవ్వరికీ."

తాపీ తీసుకుని ఆ గొయ్యి పక్కన గోడని సున్నితంగా గీకింది. చాలాసేపటికి చెయ్యి ఆగింది. అఖిల్ పార తగలని భాగంలో ఇంకా కొన్ని పలుగురాళ్ళు, పెట్టినవి పెట్టినట్టు, కుదురుగా ఉన్నాయి. సగం మిగిలింది.

నైనిక ఊపిరి వదిలింది. "జల్లెడ కారులో ఉంది. నువ్వు చెడగొట్టిన మట్టి మొత్తం జల్లించు. ఒక్క పూస కూడా పోకూడదు."

బాస్‌కి ఉన్నదున్నట్టు ఫోన్ చేసి చెప్పింది. ఆయన కాసేపు గొణిగి, దగ్గరుండి జాగ్రత్తగా తవ్వమన్నాడు. ఆ వారమంతా అఖిల్ లాప్‌టాప్ మూసిన మరుక్షణం జల్లెడ పట్టాడు. గొయ్యి పెద్దదైన కొద్దీ వరసగా పునాది రాళ్ళు బయటపడ్డాయి. చిన్న గుడిసె, ఒకటే గది.

ఇలాంటివి పిన్నికి తెలియకుండా ఉండవు. గురువారం ఉప్మా డబ్బాతో దిగింది, వెనక విశ్వనాథం. జల్లెడ పడుతున్న అఖిల్‌ని చూసింది, జెండాల్ని చూసింది, కొత్త ఇంటి హద్దుల్ని చూసింది. ఆమెకి దిక్సూచి అక్కర్లేదు.

"ఒరేయ్. ఈశాన్యంలో సెప్టిక్ ట్యాంకా?"

"పిన్నీ, అదీ..."

"నా చెంబు మీదా?"

"నువ్వు సంతకం పెట్టావా?" అన్నాడు విశ్వనాథం. "ఈమెయిల్‌లో సరే అన్నా బాబాయ్," అన్నాడు అఖిల్, అది తక్కువ నేరం అన్నట్టు.

"ఆంటీ, ముందు ఇది చూడండి," అంది నైనిక. పిన్నికి మాత్రం 'అండి' వచ్చేసింది. "ఇక్కడ బానిసలుగా బతికినవాళ్ళ ఇల్లు ఇది. ఆఫ్రికా నుంచి తెచ్చిన వాళ్ళ పిల్లలు, మనవలు. యజమానికి తెలీకుండా నేల కింద ఇవి దాచారు. రాళ్ళు, పూస, నాణెం. ఇంట్లోకి చెడు రాకుండా, మనుషుల్ని కాపాడాలని."

పిన్ని గుడిసె రాళ్ళ చుట్టూ చూపు తిప్పింది. సూర్యుణ్ణి చూసింది. మళ్ళీ పలుగురాళ్ళని చూసింది.

"ఇది వాళ్ళింటికి ఈశాన్యమేగా?"

"అవును ఆంటీ. వేరే చోట్ల దొరికినవి కూడా చాలా అలాగే ఉన్నాయి."

"ఎవరు చెప్పారు వాళ్ళకి?"

"మనకి చెప్పినవాళ్ళు కాదు."

పిన్ని చెప్పులు విడిచింది.  ఎందుకో విశ్వనాథానికి తెలీలేదు. ఆయన కూడా చెప్పులు విడిచాడు.

"సొంతమని చెప్పుకోడానికి ఆ ఇంట్లో ఒక్క గుమ్మం కూడా లేదు వాళ్ళకి. అయినా ఇల్లే అనుకుని పెట్టుకున్నారు. దాని మీద ట్యాంకు ఎవడు కడతాడో నేనూ చూస్తా." భర్త వైపు తిరిగింది. "ఇల్లు రోడ్డు వైపు జరపండి. ట్యాంకు వాయవ్యంలో. ఈసారి ఈమెయిళ్ళు నేను చదువుతాను. వీడికివ్వకండి."

ఆ వస్తువుల మీద ఎవరికి హక్కుందో, ఆ మనుషుల వంశం వాళ్ళు చుట్టుపక్కల ఉన్నారేమో, అది కౌంటీ వాళ్ళు కనుక్కుంటామన్నారు. అక్కడికి రెండడుగుల అవతల నైనికకి ఇత్తడి చెంబు కూడా దొరికింది. మొలకలొచ్చి ఎండిపోయిన నవధాన్యాలతో, అడుగున ఊడని షాపు స్టిక్కర్‌తో. ఎంతో గౌరవంగా దాన్ని పిన్ని చేతుల్లో పెట్టింది.

చివరి మట్టి జల్లెడ పడుతుండగా మళ్ళీ వాన. ఈసారి ఎవరూ కారు దగ్గరికి పరిగెత్తలేదు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అంది నైనిక. "ఎందుకు చెప్పావు?"

"నీ ఉద్యోగం పోతుందన్నావు." జల్లెడ ఇంకోసారి ఊపాడు. "అదీకాక, ఆ దొంగని నువ్వు తిడుతుంటే వినలేకపోయాను. నీ దగ్గర వాడికి ఇంకొంచెం మంచి పేరుండాలని నాకు ఆశ."

'మీరు' ఎక్కడ జారిపోయిందో ఇద్దరూ గమనించారు. ఎవరూ వెతకలేదు.

"నైనికా, నువ్వంటే నాకిష్టం. నువ్వు వెనక్కి పడమన్న రోజు నుంచి."

ఆమె జల్లెడ అంచుకి అంటిన బురదని వేలితో తుడిచింది.

"సోమవారం నుంచి నాకు పెన్సిల్వేనియాలో పని. నేను చూడకుండా ఏదీ రాయను అఖిల్. కొన్నాళ్ళు చూడాలి."

"నిలబడా?"

"నా పని అదే కదా."

ఆ తర్వాత రోజూ ఫోన్లు నడిచాయి. అవి ఇక్కడ రాస్తే చదివేవాళ్ళకి విసుగు, వాళ్ళకి సిగ్గు.

చెట్లు ఎర్రబడ్డాక, ఒక ఆదివారం కొత్త చోట మళ్ళీ భూమి పూజ పెట్టారు. కొత్త పునాదుల చోటుని ముందే ఇంకెవరో నిలబడి చూసి, ఏమీ లేదని రాసిచ్చారు. పంతులుగారు మంత్రం అందుకున్నాక ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి నైనిక దిగింది. పట్టు పంజాబీ డ్రెస్సు, కింద బురద బూట్లు.

"పెన్సిల్వేనియా నుంచి డ్రైవ్ చేసుకొచ్చిందే," అంది పిన్ని, భర్త చెవిలో. "ఇవాళ జీతం కూడా లేదుగా."

గొయ్యి తియ్యమని పంతులుగారు అఖిల్‌కి గునపం ఇచ్చారు. అఖిల్ ఎత్తాడు.

నైనిక చెయ్యెత్తింది.

అఖిల్ గునపం గాల్లో ఉండగానే ఆగిపోయాడు. మంత్రం ఆగింది. విశ్వనాథం ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"ఏంటమ్మా? ఇక్కడ కూడా ఉందా?"

"ఉంది అంకుల్," అంది నైనిక. ఆమె చూస్తున్నది నేల వైపు కాదు. "చాలా రోజులు చూశాను. ఉంది."

అఖిల్ చెవులు ఎర్రబడ్డాయి. గునపం దించడం మర్చిపోయాడు.

"మళ్ళీ డ్రాయింగు మార్చాలా?" అన్నాడు విశ్వనాథం, ఏడుపొక్కటే తక్కువగా.

సుబ్బులు పిన్ని కుంకుమ భరిణ అందుకుని లేచింది. నైనిక నుదుట బొట్టు పెట్టి, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"డ్రాయింగు జోలికెళ్ళకండి. ఇర్వింగ్‌లో వీళ్ళమ్మ రాధారాణి గారి ఫోను నంబరు కనుక్కోండి. పంతులుగారూ, మీరు కానివ్వండి. ఒరేయ్, నువ్వు ఆ గునపం దించు, చెయ్యి నొప్పెడుతుంది."